‘న్యాయంగా’ – అర్థపరిణామం

ఇంగ్లీషు ‘ఫెయిర్లీ’ మొదట ‘అందంగా’ అనే అర్థంలో ఉండి, తర్వాత ‘పక్షపాతం లేకుండా’ అనే అర్థం పొంది, ‘ఓ మోస్తరుగా’ అనే వాడుకలో పలుచబడింది. తెలుగు ‘న్యాయంగా’ దారి వేరు. తర్కశాస్త్రానికీ, కాకతాళీయం వంటి దృష్టాంతాలకూ సంస్కృతంలో పేరైన ‘న్యాయ’ శబ్దానికి ‘-గా’ చేరి ఏర్పడిన ఈ క్రియావిశేషణంలో తర్కం ఛాయ నేడు దాదాపు లేదు. దిల్‌సుఖ్‌నగర్ బజారులో ‘న్యాయంగా చెప్పు’ అన్న బేరంలో అడిగేది ఇద్దరికీ గిట్టే ధర. చట్టంతో దానికి పని లేదు.

అక్కడి నుంచి మెట్రోలో మూడో స్టేషన్ ఎల్బీనగర్. రంగారెడ్డి జిల్లా కోర్టులు అక్కడే. కోర్టు పరిభాష ‘న్యాయసమ్మతంగా’, ‘చట్టబద్ధంగా’ అంటుంది. కక్షిదారు మాత్రం ‘న్యాయంగా అయితే ఆ జాగ మాకు రావాలె’ అంటాడు. పరిశీలించదగినది ఈ ‘అయితే’. ‘న్యాయంగా పంచారు’లో ఆ పదం క్రియను విశేషిస్తుంది, పంపకం జరిగింది. ‘న్యాయంగా అయితే’ వాక్యం మొత్తాన్ని విశేషిస్తుంది, జాగ ఇంకా రాలేదు. రెండింటికీ ‘ధర్మబద్ధంగా’ అని ఒకే పర్యాయపదం ఇస్తే రెండో వాక్యంలోని ఫిర్యాదు జారిపోతుంది.