చేవ్రాత ఖతులు: ఔచిత్య విచారము

కార్వేటినగర సంస్థానమున వెలసిన సారంగపాణి వేణుగోపాల ముద్రతో రచించిన పదములు వాడుక పలుకుబడికిని, చమత్కారమునకును పేరెన్నికగన్నవి. అట్టి పదములను నేడు కంప్యూటరుపై కూర్చి ముద్రింపబూనువారికి ఒక సందేహము కలుగుట సహజము. మాటలు ఆడుచు పాడుచు నడచుచుండగా అక్షరములు మాత్రము బిగిసి నిలువనేల? చేవ్రాతను బోలిన ఖతిలో, అనగా ఫాంటులో, గ్రంథమంతయు కూర్పరాదా? ఈ ప్రశ్నను లిపిస్వరూపమును బట్టి మేమిచట విచారింపదలచితిమి.

తెలుగున ఇట్టి ఖతులలో మిక్కిలి ప్రసిద్ధమైనది బాపు (1933–2014) దస్తూరిని అనుసరించినది. ముఖపత్రములపైనను, కథల శీర్షికలయందును పాఠకులెరిగిన ఆ వ్రాత పిదప ఖతిరూపము దాల్చి శుభలేఖలకు సైతము వ్యాపించినది. సిలికానాంధ్ర సంస్థ అందరి వినియోగమునకై వెలువరించిన ఖతులలో 2013 నాటి 'లక్కిరెడ్డి' యు ఈ జాతిలోనిదే. ఇట్టి వ్రాతలో తలకట్టు వాలును, దీర్ఘము తోక సాచును, వత్తు పై యక్షరము క్రింద ఒదుగును. చూపునకు ఉల్లాసము గొల్పు గుణములివి.

అయినను చేవ్రాతకు ప్రాణము వైవిధ్యము. చేయి ఒకే యక్షరమును రెండుమారులు ఒక్కరీతిగ వ్రాయదు. ప్రక్క యక్షరమును, క్రింది వత్తును చూచి దానిని మలచుకొనును. ఖతిలోనో, ఒక యక్షరమునకు సాధారణముగ ఒకటే రూపము. ప్రత్యామ్నాయ రూపములను చేర్చు సాంకేతిక సౌకర్యము కలదు గాని, గుణింతములును సంయుక్తాక్షరములును విస్తారముగ గల మన లిపికి ఆ శ్రమ పెక్కురెట్లగును. నాలుగైదక్షరముల శీర్షికలో ఈ లోపము కానరాదు. పుటనిండ ఒకే రేఫము ఒకే తోకతో ఇరువదిమారులు కనిపించినచో, విలాసమనుకొన్నది యాంత్రికమని తేలిపోవును.

ఇంతకంటె ముఖ్యమైనది పాఠశుద్ధి. పకారమునకు నోరు తెరచియుండుటయు, వకారమునకు మూసియుండుటయు భేదకములు. వ్రాత విలాసములో ఆ యెడము పూడినచో 'పాడు' 'వాడు' అగును. అడుగుగీత అణగినచో 'ఫలము' 'పలము' అగును. సందర్భమును బట్టి పాఠకుడు గ్రహింపడా యని కొందరనవచ్చును. పరిచితమైన శుభలేఖలో గ్రహించును. కాని వాడుకతప్పిన పలుకులుగల పదములలో సందర్భమును నిర్ణయించుటకే అక్షరము ఆధారము. అక్షరమే సందిగ్ధమైనచో, పరిశోధక విద్యార్థి ఖతిదోషమును పాఠాంతరమని భ్రమపడును.

కావున ముఖపత్రమునకును, పదముల శీర్షికలకును చేవ్రాత ఖతి తగును. పల్లవ్యనుపల్లవులును, చరణములును స్ఫుటమైన గ్రంథాక్షరములలో నుండవలెను. సారంగపాణి చమత్కారము పలుకులోనే యున్నది. అక్షరము దానిని అడ్డులేక చెవికి చేర్చినచో చాలునని మా యభిప్రాయము.