క్యూలోంచి తప్పుకున్న వాళ్ళ సాక్ష్యం ఏది?
‘వరల్డ్ వార్ జెడ్’ నవల మీద ఒక దళిత పరిశీలన

భయానక సాహిత్యాన్ని మన విమర్శకులు ఎన్నడూ పెద్దగా పట్టించుకోలేదు. దయ్యాల కథలూ చేతబడి సీరియళ్ళూ కాలక్షేపం సరుకని, వాటి మీద రాయడం కాగితం దండగని ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. అభ్యుదయ విమర్శ కూడా ‘క్షుద్ర సాహిత్యం’ అని ఒక్కమాటతో వాటిని పక్కకి తోసేసింది. కానీ ఒక సమాజం దేనికి భయపడుతుందో, ఎవర్ని చూసి భయపడుతుందో తెలియాలంటే అది రాసుకున్న భయాల కథల్నే చదవాలి. భయం ఎవరిది? ఎవరంటే భయం? ఈ రెండు ప్రశ్నలూ దళితులకి కొత్తవి కావు. వాడని చూసి భయపడుతున్నానని చెప్పుకుంటూనే వాడ మీద పడిన ఊళ్ళ చరిత్ర మనది. కారంచేడులో (1985), చుండూరులో (1991) గుంపు కట్టి వచ్చింది ఎవరో, ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తింది ఎవరో మనకి తెలుసు.

ఈ ప్రశ్నలతోనే మాక్స్ బ్రూక్స్ రాసిన ‘వరల్డ్ వార్ జెడ్’ నవలని చదవాలి. అమెరికాలో 2006లో వచ్చింది. 2013లో బ్రాడ్ పిట్‌తో సినిమాగా తీశారు గానీ సినిమాకి పేరు తప్ప నవలతో పెద్ద సంబంధం లేదు. సినిమా ఒక వీరుడి కథ. నవలలో వీరుడే లేడు.

నవల కట్టుబడి

చచ్చిన మనుషులు లేచి బతికున్నవాళ్ళని కరుస్తారు. కరిపించుకున్నవాళ్ళూ చచ్చి లేస్తారు. ఇదీ ఇతివృత్తం. చైనాలో ఒక పెద్ద ఆనకట్ట కింద మునిగిపోయిన ఊరి నీళ్ళలోంచి రోగం బయల్దేరుతుంది. ముంపు ఊళ్ళ సంగతి తెలిసిన మనకి ఈ ఆరంభం ఊరికే పెట్టింది కాదని అర్థమవుతుంది. ఇక అక్కణ్ణుంచి పదేళ్ళు ప్రపంచమంతా యుద్ధం. యుద్ధం ముగిశాక ఒక అధికారి దేశదేశాలు తిరిగి బతికినవాళ్ళ మాటలు సేకరిస్తాడు. ఆ మాటలే నవల. సైనికులు, డాక్టర్లు, మంత్రులు, మందుల వ్యాపారులు, ఒక్కొక్కరూ తమ గొంతుతో చెప్పుకుపోతారు. రెండో ప్రపంచ యుద్ధం మీద మామూలు మనుషుల మాటలు సేకరించి స్టడ్స్ టెర్కెల్ 1984లో వేసిన పుస్తకం ఈ పద్ధతికి మూలం. బ్రూక్స్ ఆ రుణం ఒప్పుకున్నాడు.

పాఠకులు ఈ నవలకి ఎందుకు అతుక్కుపోయారు? మొదటిది, ఇది కథలా కాక రికార్డులా ఉంటుంది. ఊరు పేరు, మనిషి పేరు, అతని ఉద్యోగం చెప్పి మాట మొదలుపెడితే నమ్మకుండా ఉండలేం. రెండోది, పనికొచ్చే వివరం. నీళ్ళు ఎలా దాచుకోవాలి, ఏ ఆయుధం పనిచేస్తుంది, ఏది చెయ్యదు. చదివేవాడు ప్రతి పేజీలోనూ “నేనైతే ఏం చేద్దును?” అనుకుంటాడు. మూడోది, సైన్యం. న్యూయార్క్ పక్కన యాంకర్స్ దగ్గర జరిగే పోరు ఈ నవలలో అందరికీ గుర్తుండే ఘట్టం. ట్యాంకులు, ఫిరంగులు, టీవీ కెమెరాలు అన్నీ పెట్టుకుని అమెరికా సైన్యం శవాల ముందు చిత్తుగా ఓడిపోతుంది. శత్రువుని బెదరగొట్టి గెలవడం ఆ సైన్యానికి తెలిసిన యుద్ధం. చచ్చినవాడికి బెదురేముంది? 2003లో ఇరాక్ మీద అదే పద్ధతిలో పడిన దేశంలో, మూడేళ్ళకి వచ్చిన నవల ఇది. చెప్పకుండానే చెప్పింది.

నాలుగో కారణం కూడా ఉంది. దాని గురించి ఎవరూ బయటికి మాట్లాడరు. చంపినా పాపం లేని శత్రువు. వాడికి మాట లేదు, పేరు లేదు, చరిత్ర లేదు. ముఖం మాత్రం మనిషిదే. ఎన్ని వేలమందిని కాల్చినా చదివేవాడి మనసు మీద మరక పడదు. మనిషిని ముందు మనిషి కాకుండా చేసి తర్వాత చంపడం ఊచకోతలన్నిటికీ ఉన్న క్రమం. ఆ క్రమంలో మొదటి సగాన్ని ఈ సాహిత్య ప్రక్రియ ఉచితంగా చేసిపెడుతుంది. అందుకే జాంబీ అనేవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో ఒకసారి చూడాలి.

బానిస భయం దొర భయంగా మారిన వైనం

జాంబీ పుట్టింది హైతీలో, చెరకు తోటల్లో. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలకి చావొక్కటే విడుదల. చస్తే తమ నేలకి తిరిగి పోతామని వాళ్ళ నమ్మకం. చచ్చినా మంత్రగాడు లేపి మళ్ళీ తోటలో పనికి పెడితే? అదీ జాంబీ. హైతీ జనం జాంబీ కరుస్తుందని భయపడలేదు, తాము జాంబీ అయిపోతామని భయపడ్డారు. చచ్చాక కూడా వెట్టి తప్పదన్న భయం అది. 1791లో తిరగబడి 1804లో స్వతంత్ర దేశం నిలబెట్టుకున్న జనం కన్న పీడకల అది.

1915లో అమెరికా సైన్యం హైతీని ఆక్రమించి 1934 దాకా అక్కడే ఉంది. ఆ రోజుల్లోనే విలియం సీబ్రూక్ 1929లో రాసిన యాత్రా పుస్తకం, 1932లో వచ్చిన ‘వైట్ జాంబీ’ సినిమా ఈ మాటని అమెరికాకి మోసుకుపోయాయి. ఆ సినిమాలో కూడా జాంబీలు చక్కెర మిల్లులో పనివాళ్ళే. 1968లో జార్జి రొమేరో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ తీసేసరికి లెక్క తిరగబడింది. పని చేసే శవం పోయి తినే శవం వచ్చింది. శ్రమజీవి కన్న పీడకల ఆస్తిపరుడి పీడకలగా మారింది. గేటు బయట ఆకలితో గుంపు, గేటు లోపల మనం!

అయితే రొమేరో ఒక పని చేశాడు. ఆ సినిమాలో రాత్రంతా పోరాడి బతికిన నల్లవాడు బెన్‌ని తెల్లారాక శవాల వేటకొచ్చిన తెల్లవాళ్ళు కాల్చేస్తారు. వాళ్ళ కంటికి అతనికీ శవానికీ తేడా కనబడలేదు. జాంబీ కథని కింది నుంచి చదవడం ఎలాగో ఆ ఒక్క ముగింపు నేర్పుతుంది. ఫూలే 1873లో ‘గులాంగిరి’ని అమెరికాలో బానిసత్వం తీసేయడానికి పాటుపడినవాళ్ళకి అంకితమిచ్చాడు. అంబేడ్కర్ 1946లో డుబోయ్‌కి ఉత్తరం రాశాడు. 1972లో దళిత్ పాంథర్స్ తమ పేరునే నల్లవాళ్ళ ఉద్యమం నుంచి తీసుకున్నారు. ఆ దారిన మనం హైతీ దాకా పోయి ఈ శవాన్ని పలకరించడంలో వింతేం లేదు.

అలంగ్ ఒడ్డున

ఇప్పుడు నవలలోని మన దేశానికి వద్దాం. గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లా అలంగ్ తీరం. పాత ఓడల్ని ఒడ్డుకెక్కించి ముక్కలు చేసే చోటు. 1983లో మొదలైంది. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ నుంచి వచ్చిన వలస కూలీలు అక్కడ ఇనుము కోస్తారు. నవలలో జనం ప్రాణభయంతో ఆ ఓడలకేసి పరుగెత్తుతారు. ఆ రోజు సంగతి చెప్పేవాడు అజయ్ షా అనే మధ్యతరగతి మనిషి. ఓడలవాళ్ళు ఎవర్ని ఎక్కించుకోవాలో ఏరుకుంటున్నారట. ఒక కెప్టెన్ తుపాకీ ఊపుతూ షెడ్యూల్డు కులాలవాళ్ళని ఎక్కనివ్వనని అరుస్తాడు. అజయ్ షా నివ్వెరపోతాడు. ఈ రోజుల్లో కూడా ఇలా ఆలోచించేవాళ్ళున్నారా అంటాడు. ఆ కేక విని క్యూలోంచి కొంతమంది ముసలివాళ్ళు నిజంగానే తప్పుకున్నారని చెప్పి మరీ ఆశ్చర్యపోతాడు. నవలలో ఈ సంగతికి దక్కిన చోటు కొన్ని వాక్యాలే.

ఒక అమెరికన్ రచయిత లోకమంతా తగలబడుతున్న ఘట్టంలో కూడా కులాన్ని మర్చిపోలేదు. మన భాషల్లో ప్రళయాల కథలు రాసిన చాలామందికి ఈపాటి గుర్తుండదు. ఆ మేరకు బ్రూక్స్‌కి అభినందన చెప్పాల్సిందే. వెనకాల శవాలు, ముందర సముద్రం, నడుమ కులం. ప్రమాదం వస్తే మనుషులంతా ఒకటైపోతారన్న అబద్ధాన్ని ఆ దృశ్యం తుంచేసింది.

కానీ ఆ దృశ్యాన్ని చూపిస్తున్న కన్ను ఎవరిది? అజయ్ షా ఆశ్చర్యమే అసలు సమస్య. “ఇంకా కులమా?” అనగలగడం ఒక సౌకర్యం. కులం తనని ఎక్కడా ఆపనివాడికే అది పాతకాలపు చాదస్తంలా కనబడుతుంది. 2001లో గుజరాత్ భూకంపం తర్వాత సహాయం కులాలవారీగా పంచుకున్న తీరు, 2004 సునామీ తర్వాత నాగపట్నం శిబిరాల్లో దళితుల్ని వేరుగా పెట్టిన తీరు హక్కుల సంఘాలు రాసిపెట్టాయి. కెప్టెన్ చేసింది పిచ్చిపని కాదు, రోజూ జరిగేదే. ఆ రోజు అది తుపాకీ పట్టుకుని జరిగింది.

రెండో సంగతి ఇంకా పెద్దది. క్యూలోంచి తప్పుకున్న ఆ ముసలివాళ్ళు ఏమయ్యారు? ఎందుకు తప్పుకున్నారు? బానిస బుద్ధి అని అజయ్ షా అనుకుని ఉండొచ్చు. తుపాకీ ముందు నిలబడ్డ మనిషి, ఆ ఓడెక్కితే నడిసముద్రంలో ఏం జరుగుతుందో తెలిసిన మనిషి, లెక్క వేసుకుని తప్పుకున్నాడని ఎందుకు అనుకోకూడదు? వాళ్ళనెవరూ అడగలేదు. బతికినవాళ్ళ మాటలు సేకరించే పుస్తకంలో వాళ్ళు వేరొకడి నోట ఒక వింతగా మాత్రమే మిగిలారు. మౌఖిక చరిత్ర అనే పద్ధతికి ప్రాణం కిందివాడి నోరు. ఆ నోరే లేకపోతే మిగిలేది ఓడెక్కినవాళ్ళ జ్ఞాపకాలు.

ఎరగా వదిలేసిన జనం

నవలకి ఇరుసు లాంటిది దక్షిణాఫ్రికా అధ్యాయం. పాల్ రెడెకర్ అనేవాడు వర్ణవివక్ష ప్రభుత్వం కోసం ఒక పథకం రాసి ఉంటాడు. నల్లవాళ్ళు తిరగబడితే తెల్లవాళ్ళు ఎలా బతకాలన్నది దాని సారం. శవాల యుద్ధం వచ్చాక అదే పథకాన్ని దుమ్ము దులిపి తీస్తారు. అందర్నీ కాపాడలేం, కొందర్నే భద్రమైన చోటికి చేర్చాలి. మిగిలినవాళ్ళని విడివిడిగా కొన్ని చోట్ల ఉంచితే శవాలు వాళ్ళ చుట్టూ మూగుతాయి, ఆలోగా సైన్యం వెనక్కి పోయి కుదురుకుంటుంది. అంటే జనం ఎర. మండేలాని తలపించే జాతిపిత ఈ పథకాన్ని ఆమోదిస్తాడు. ప్రపంచమంతా దాన్నే అనుసరిస్తుంది. అది లేకపోతే మానవజాతి మిగిలేది కాదన్నట్టు నవల నడుస్తుంది.

మొదటిసారి చదివితే ఇది కటువైన నిజంలాగే అనిపిస్తుంది. మళ్ళీ చదివితే ఒక ప్రశ్న మిగులుతుంది. ఒక జాతిని లెక్కలోంచి తీసేయడానికి రాసిన పథకం సర్వమానవులకీ పనికొచ్చే పథకం ఎలా అయింది? లోపలికి ఎవరు, బయట ఎవరు అన్న జాబితా ఎవరు రాశారు? ఊరిని కాపాడ్డానికి వాడని బయట పెట్టిన ఏర్పాటు మన దగ్గర ఏ యుద్ధమూ లేకుండానే వందల ఏళ్ళు నడిచింది. పథకం రాసినవాడు చివరికి మతి చెదిరి తానెవరో మర్చిపోతాడు. రచయితకి మనస్సాక్షి ఉందనడానికి అది గుర్తే. అయితే ఎరగా వదిలేసిన చోట్లలో మిగిలిన జనం ఎలా బతికారో, ఏమనుకున్నారో పుస్తకంలో వెతుక్కోవాల్సిందే.

పార పట్టినవాడి గెలుపు

నవలలో మనం దాచుకోవాల్సిన భాగం కూడా ఉంది. అమెరికాలో మిగిలిన జనాన్ని పనులవారీగా విడదీస్తే వకీళ్ళు, సలహాదార్లు, కంపెనీ అధికారులు అట్టడుగు తరగతిలో పడతారు. వాళ్ళకి చేతి పని ఒక్కటీ రాదు. వాళ్ళకి పని నేర్పే గురువులు వలస వచ్చిన కూలీలు. నిన్నటిదాకా తమ ఇల్లు ఊడ్చిన మనిషి ముందు చేతులు కట్టుకు నిలబడి నేర్చుకోవాల్సి వస్తుంది. కులం పనుల విభజన కాదు, పనివాళ్ళ విభజన అని అంబేడ్కర్ 1936లో ‘కులనిర్మూలన’లో తేల్చిన మాటని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. నవలలో పని విలువ మారగానే పనివాడి విలువ మారింది. మన దగ్గర అంత తేలిగ్గా మారదు. చెప్పు కుట్టడం ఎంత అవసరమైనా కుట్టేవాడు అరుగెక్కలేదు.

సైన్యం కూడా అలాగే మారుతుంది. యాంకర్స్‌లో ట్యాంకులు ఓడిపోయాక, తర్వాతి సైనికుడి చేతిలో ఒక మామూలు తుపాకీ, పారనీ గొడ్డలినీ కలిపి చేసిన పనిముట్టు. చదరంగా బారులు తీరి, భుజం భుజం ఆనించి నిలబడడం వాళ్ళ యుద్ధం. దళిత పాఠకుడు ఇక్కడ ఆగితే అర్థం చేసుకోగలం. యూనిఫాం వేసుకుంటే కులం కాసేపు కనపడకుండా పోతుందన్న ఆశ మనది. 1818 కోరేగావ్, సుబేదారు రాంజీ కొడుకు భీమ్‌రావు, 1941లో ఏర్పడిన మహర్ రెజిమెంటు, ఇవన్నీ ఆ ఆశలో భాగమే. సైన్యం కథలంటే యుద్ధోన్మాదమని ఒక్కమాటలో తీసెయ్యడం కూడా పైనున్నవాళ్ళ సౌకర్యమే. ఆ సైన్యం ఎవరి గేటుకి కాపలా అన్నది మాత్రం అడిగి తీరాలి.

ఆ ప్రశ్నని నల్ల రచయిత కోల్సన్ వైట్‌హెడ్ 2011లో ‘జోన్ వన్’ నవలలో అడిగాడు. అక్కడ సైన్యం ముందు పోయి కాల్చుకుంటూ వెళ్తుంది. వెనకాల మామూలు మనుషులు ముగ్గురేసి జట్లుగా ఇల్లిల్లూ తిరిగి మిగిలినవాటిని ఏరిపారేసి శవాల్ని సంచుల్లో కడతారు. వాళ్ళని ‘స్వీపర్లు’ అంటారు. కథ నడిపే మనిషి నల్లవాడని చాలా పేజీలు గడిచాక గానీ తెలియదు. జగత్ప్రళయం వచ్చినా ఊడ్చే పని ఒకరికి ఉంటుంది! పాకీపనిని 1993లోనూ 2013లోనూ చట్టాలు చేసి నిషేధించినా మ్యాన్‌హోళ్ళలో చావులు ఆగని దేశంలో ఆ పేరు చదివితే గుండె కలుక్కుమంటుంది.

తెలుగులోనూ జాంబీలు వచ్చాయి. 2021లో వచ్చిన ‘జాంబీ రెడ్డి’ సినిమా సీమ ముఠాకక్షల నడుమ శవాల్ని లేపి నవ్వించింది. నవ్వడం తప్పు కాదు. కానీ ఈ ప్రక్రియలో చెయ్యాల్సిన పని ఇంకా మిగిలే ఉంది. ఆ పనికి కల్పన ఒక్కటే చాలదు. 1977 దివిసీమ ఉప్పెనలో శవాలు ఎత్తిందెవరు? 2020, 2021ల్లో కరోనా శవాల్ని శ్మశానాల్లో ముట్టుకున్నదెవరు? 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఏ ఊరి పొలిమేరలో ఏ కూలీని ఆపారు? ఆపినవాడి మాట పత్రికల్లో ఉంటుంది. ఆగిపోయినవాడి మాట ఇప్పటికీ వాడల్లోనే ఉంది. విద్యార్థులు, ఉపాధ్యాయులు ఒక నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళి అడగాలి. ఆ మాటలు దొరికిన రోజున మన భయానక నవలని ఎవరు రాయాలో వేరే చెప్పనక్కర్లేదు.