వంత లేనిదే బుర్రకథ లేదు

షేక్ నాజర్ ఆత్మకథ పేరు ‘పింజారి’. ఆయన చెబుతుంటే అంగడాల వెంకటరమణమూర్తి అక్షరంలో పెట్టారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల ఇంట పుట్టిన నాజర్, ఊళ్లో చులకనగా పిలిచే ఆ పిలుపునే తన బతుకుకథకు పేరుగా పెట్టుకున్నారు. 1986లో వచ్చిన పద్మశ్రీకి గానీ, జనం ఇచ్చిన ‘బుర్రకథ పితామహుడు’ బిరుదుకు గానీ ఆ పేరులో చోటివ్వలేదు. తాను ఎక్కడినుంచి వచ్చిందీ ముందు చెప్పి, ఆ తర్వాతే కథ మొదలుపెట్టే మనిషి ఆయన.

నాజర్‌కు ముందు అది జంగం కథ. జంగం కథ చెప్పేవాడు, వంత ఆయన ఇంటి ఆడవాళ్లే పాడేవారు. ఊరూరా తిరిగి చెప్పుకుంటేనే పూట గడిచేది. నాటకాల్లో వేషాలు కట్టి, శాస్త్రీయ సంగీతం కష్టపడి నేర్చుకున్న నాజర్ ఆ కథను సభల మీదికి ఎక్కించారు. అందుకు 1943లో పుట్టిన వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి దారి చూపింది. ఆయన్ని పల్నాటి గాలీ పెంచింది. కారంపూడి వీరారాధనలో వీరవిద్యావంతులు పాడుకునే పల్నాటి గాథ అప్పటి గుంటూరు జిల్లాదే. ఆయన ‘పల్నాటి యుద్ధం’ చెబితే జనం రాత్రంతా కదలకుండా కూచున్నారంటే ఆశ్చర్యం లేదు.

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ కథకుడు: తలపాగా, నిలువెత్తు అంగీ, నడుముకు పట్టీ, కాళ్లకు గజ్జెలు, భుజాన తంబురా. ఒక చేత్తో తంత్రి మీటుతూ, రెండో చేతి వేళ్లకు తొడిగిన అందెలను కొడతాడు. బోలుగా చేసిన ఆ లోహపు కడియాల్లో గుండ్లుంటాయి. వాటి చప్పుడు, గజ్జెల చప్పుడు, అడుగు మూడూ ఒకే తాళంలో పడాలి. నోట పాట, వచనం నడుస్తూనే ఉండాలి. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ల చేతుల్లో గుమ్మెటలు. కొందరు వీటినే డక్కీలంటారు, బుర్రలంటారు. కథకుడు చరణం విడవగానే ‘తందాన తాన’ అని వాళ్లు అందుకుంటారు. ఆ రెండు క్షణాల్లోనే కథకుడికి ఊపిరి తీసుకునే వీలు. విన్న చరణాన్ని జనం నెమరేసుకునే వీలు కూడా అప్పుడే.

వంతలు ఊరికే తాళం వేసేవాళ్లయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. ఒకరు హాస్యం వంత, ఇంకొకరు రాజకీయ వంత. అల్లూరి సీతారామరాజు కథే తీసుకోండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి. కథకుడు వీరరసంలో గొంతు పెంచి, కొండ దిగుతున్న దళాన్ని కళ్లకు కట్టిస్తాడు. సరిగ్గా అక్కడ హాస్యం వంత అడ్డుపడి, ‘అప్పుడా ఠాణాలో జవాను ఏం చేస్తున్నాడంటావు?’ అని అడుగుతాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఆ నవ్వు ఆగకముందే రాజకీయ వంత అందుకుంటాడు: ‘ఆ తుపాకులు తెల్లవాడివి సరే, ఇప్పుడు మన ఊళ్లో ఎవరి చేతిలో ఉన్నాయి?’ నవ్వుతున్న నోళ్లు మూతపడతాయి. కథకుడు మళ్లీ కథలోకి లాక్కుపోతాడు. వీరం, నవ్వు, నిలదీత నిమిషంలో మారిపోతాయి. పాఠం ఒకటే అయినా, ఆ ఊరి సంగతి ముందే కనుక్కుని దాన్ని వంతలో కలిపినవాడే మొనగాడు. ఒక్కడే నిలబడి చెప్పే హరికథలో పాండిత్యం ఎక్కువుండవచ్చు. ఎదురుప్రశ్న వేసేవాణ్ని పక్కనే నిలబెట్టుకున్న ధైర్యం మాత్రం బుర్రకథది.

సర్కార్లకు ఒళ్లు మండింది కూడా ఆ ప్రశ్నలతోనే. అటు మద్రాసులో, ఇటు నిజాం రాజ్యంలో బుర్రకథను నిషేధించారు.

ఈ చరిత్రలో ఇంకో మలుపు గురించి మనం తక్కువ మాట్లాడుకున్నాం. మోటూరి ఉదయం, చింతాల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని కలిసి మహిళా దళంగా బుర్రకథ చెప్పారు. నలభైల నాటి సంగతి. జంగం కథలో వంతకే పరిమితమైన ఆడమనిషి, ఇక్కడ తంబురా పట్టి నడుమ నిలబడింది. నా లెక్కలో నాజర్ తెచ్చిన మార్పు కన్నా ఇది చిన్నదేమీ కాదు.

సినిమా కూడా ఈ కళను పట్టించుకుంది. గరికపాటి రాజారావు ‘పుట్టిల్లు’ (1953)లో నాజర్ కథ చెప్పారు. మరుసటి ఏడాది ‘అగ్గిరాముడు’లో అల్లూరి కథ చెప్పారు. ఇవాళ్టి పిల్లలకు ఆయన్ని చూపించాలంటే మొదట ఆ ముక్కే చూపించాలి.

తర్వాత ప్రభుత్వాలు బుర్రకథను నిషేధించడం మాని వాడుకోవడం నేర్చాయి. కుటుంబ నియంత్రణ మొదలు ఎయిడ్స్ దాకా ప్రచారమంతా దీని నెత్తినే. కళాకారులకు నాలుగు డబ్బులు వచ్చాయి, కాదనను. కానీ పథకం గొప్పలు చెప్పడానికి పిలిచినచోట రాజకీయ వంత ఏం అడుగుతాడు? తల ఊపుతాడు, అంతే. నిషేధం చేయలేని పని ఆ తల ఊపుడు చేసిందని నా అభిప్రాయం.

2025లో మిరియాల అప్పారావుకు మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు. నాజర్ తర్వాత దాదాపు నలభై ఏళ్లకు బుర్రకథ పేరు మళ్లీ ఆ జాబితాలో వినిపించింది. సంతోషమే. కాకపోతే రెండుసార్లూ గౌరవం నడుమ నిలబడిన మనిషికే దక్కింది. జాతరలకు, ఉత్సవాలకు బుర్రకథ పెట్టించే కమిటీలవారికి ఒక మనవి: ఈసారి కరపత్రంలో కథకుడి పేరు పక్కన వంతల పేర్లు కూడా వేయించండి, పారితోషికం ముగ్గురి చేతికీ విడివిడిగా ఇవ్వండి. వంతను ఏం అడగాలో, ఏం అడగకూడదో మాత్రం చెప్పకండి.