మండువ కాడ ఒక పూట

కల్లును దాచుకోలేం. పొద్దున దింపిన కల్లుకు మధ్యాహ్నానికి ఒక రుచి, పొద్దుగూకేసరికి ఇంకో రుచి. మర్నాటికి నోట పెట్టలేనంత పులుపు. అందుకే అది మన ఇంటికి రాదు, మనమే దాని దగ్గరికి పోవాలి. అదీ చెట్టు వేళకు, కల్లు గీసే గౌడు వేళకు. నల్లగొండ, భువనగిరి, జనగామ వైపు పల్లెల్లో అట్లా పోయి కూచునే చోటే మండువ. నాలుగు తాళ్ల నీడ, కూచోవడానికి రాళ్లు, కొన్నిచోట్ల తాటాకుల పందిరి. అంతకు మించి ఏమీ ఉండదు. హైదరాబాద్‌లో మేం స్నేహితులం కలుసుకోవాలంటే వారం ముందు నుంచి ఫోన్లు, వాయిదాలు, క్షమాపణలు. మండువ దగ్గర కలుద్దామంటే మాత్రం అందరూ వస్తారు. లొట్టి, అంటే కల్లు కుండ, ఎవరి కోసమూ ఆగదని అందరికీ తెలుసు.

చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీరే. నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. లొట్టిలో పడగానే ఈస్టు పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో నురుగు పొంగి, చక్కెర తగ్గి ఘాటు పెరుగుతుంది. అప్పుడు అందులో ఆల్కహాల్ దాదాపు బీరులో ఉన్నంతే. ఆ తర్వాత పులుపుదే రాజ్యం. లొట్టి లోపల సున్నం పూస్తే, చల్లగా ఉంచితే ఈ పులియడం ఆగుతుంది, అది నీరా. 2023లో నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. నీరా పిల్లలకూ పెద్దలకూ తాగించదగ్గదే. నా మనసు మాత్రం పొంగే లొట్టి మీదే ఉంటుంది.

చలికాలం ఈత కల్లుది. ఎండ ముదిరేకొద్దీ తాటికల్లు ఊపందుకుంటుంది. ఈతచెట్టుకు మొవ్వు కింద మానునే గీస్తారు. తాటిచెట్టుకు గెలను గీస్తారు. మేం వాడికగా కల్లు పోయించుకునే గౌడు మామ చెట్టెక్కుతుంటే నేను మాట ఆపేసి చూస్తాను. నడుము చుట్టూ, మాను చుట్టూ మోకు. పాదాలకు గుజి. మొలకు కత్తులున్న ముస్తాదు. మోకును పైకి విసిరి దాని మీద వెనక్కి ఒరుగుతాడు, కాళ్లు రెండూ ఒక్కసారి పైకి లాక్కుంటాడు, మళ్లీ మోకు విసురుతాడు. పైకి చేరాక గెల కొసను వేళ్లతో తడిమి, కాగితమంత పలుచగా ఒక చెక్కు తీస్తాడు. ఆ చెక్కు మందమైతే గెల తొందరగా అరిగిపోతుంది. మరీ పలుచనైతే పారదు. ఒకట్రెండు రోజులు గీయకపోతే గాయం ఎండి ధార ఆగిపోతుంది. అందుకే గౌడుకు పండగ లేదు, జ్వరం లేదు. పొద్దునా మాపూ ఎక్కాల్సిందే.

దిగాక తొందరపెడితే ఒప్పుకోడు.

"మామా, ఇయ్యాల ఎట్ల పారింది?"

"ఎండ కొడుతున్నది గద అల్లుడా, మంచిగనే పారింది. జర నురుగు కూసోనియ్యి."

గ్లాసులు ఉంటాయి గానీ నేను ఆకే పడతాను. మడిచిన తాటాకును రెండు చేతుల్లో దోసిలిలా పట్టి ముందుకు వంగి కూచుంటే మామ లొట్టి వంచి పోస్తాడు. నురుగు మీద ఒకటో రెండో చీమలు తేలుతుంటాయి, ఊది పక్కకు నెట్టాలి. ఆకు పట్టినవాడు దాన్ని కింద పెట్టి ఫోన్ చూసుకోలేడు. పోసేవాడి మీద, తాగే గుక్క మీద ధ్యాస ఉండాలి. చాలనుకుంటే తలూపితే చాలు, మామ ధార ఆపి పక్కవాడి వైపు తిరుగుతాడు. ఒకరు తాగుతున్నంతసేపూ మిగతావాళ్లు చూస్తూ మాట్లాడుకుంటారు. స్నేహితులతో తాగడమంటే నాకు ఈ వంతులే. మా గుంపులో ఒకరు బడి పంతులు, ఒకరు లారీ నడుపుతారు, ఇంకొకరికి బ్యాంకు ఉద్యోగం. వంతు వచ్చేదాకా ఓపిక పట్టడంలో అందరం ఒకటే.

ఇక తిండి. కల్లు పక్కన గుడాలు లేకపోతే నాకు మండువ అనిపించదు. శనగలో బొబ్బర్లో రాత్రే నానబెట్టి, పొద్దున ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపులో తిప్పి తెస్తుంది మామ ఇంటావిడ. గింజ చితకకూడదు, పంటి కింద మెత్తగా విడిపోవాలి. పైన పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు. కల్లు పులుపుకు ఆ కారం, ఆ పిండి రుచి చక్కగా కుదురుతాయి. మాలో ఎవరో ఒకరు ఇంటి నుంచి బోటి కూర తెస్తారు. ఎండు చేపలను అక్కడే తాటిమట్టల మంట మీద కాలుస్తాం. బోటి శుభ్రం చేయడం ఓపికున్నవాళ్ల పని. మా లారీ మిత్రుడి తల్లి వేడినీళ్లలో, పసుపులో ఎన్నిసార్లు కడుగుతుందో చూస్తే తినేటప్పుడు ఆమెను తలుచుకోకుండా ఉండలేం. కడుపులో తిండి పడుతుంటే కల్లు కూడా నెమ్మదిగా తాగుతాం. వట్టి కడుపుతో తాగేవాణ్ని మామ ముందే మందలిస్తాడు.

ఇంత చెప్పి ఒక మాట దాటేస్తే తప్పవుతుంది. ఒకప్పుడు ఎన్నో ఊళ్ల మండువల్లో దళితులకు దూరంగా వేరే చోటు, వేరే ముంత. మా బ్యాంకు మిత్రుడి తండ్రి అట్లా దూరంగా కూచుని తాగినవాడే. ఆయన కొడుకూ నేనూ ఇప్పుడు ఒకే ఆకు చేతులు మార్చుకుంటున్నాం. మండువను పొగిడేటప్పుడు ఆ దూరాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలని ఆయన కొడుకే నాతో అన్నాడు. నిజమే.

పట్నాల్లో కల్లు కాంపౌండ్ల సంగతి తలుచుకుంటే కోపం వస్తుంది. చుట్టూ మైళ్ల దూరం తాటిచెట్టు కనపడదు, సీసాలు మాత్రం ఏడాది పొడవునా నిండుతూనే ఉంటాయి. అంత కల్లు ఎక్కణ్నుంచి వస్తుంది? క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలామ్ వంటి మత్తుమందులు నీళ్లలో కలిపిన సరుకు ఎన్నోసార్లు దాడుల్లో పట్టుబడింది. దానికి అలవాటుపడ్డ కూలీలు ఒక్కరోజు అది దొరక్కపోతే వణుకుతారు, పిచ్చిగా మాట్లాడతారు, ఆసుపత్రుల పాలవుతారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. రోజంతా ఒళ్లు హూనం చేసుకుని చవకగా నిద్ర కొనుక్కుందామని పోయినవాళ్లు వాళ్లు. ఆ విషానికీ, చెట్టు కింద తాగేదానికీ ఒకే పేరు ఉండటం గీత కార్మికులకు జరిగిన అన్యాయం. చెట్టు కల్లు కూడా మితిమీరితే కాపురాలు కూలుస్తుంది, కాదనను. కానీ ఒక చెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. మామ లొట్టి ఖాళీ అయిందంటే మా తాగుడూ అయిపోయినట్టే.

ఇప్పుడు మా బెంగ మామ గురించి. చెట్టు మీంచి పడి నడుములు విరిగినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షక కవచం పేరుతో కొత్త తాళ్లు, బెల్టులు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. మామకు మాత్రం మోకాళ్లు అరిగాయి. ఎక్కే చెట్లు తగ్గించుకున్నాడు. ఊరవతల తాటివనం సగం ప్లాట్ల కింద పోయింది. కొడుకు పట్నంలో డెలివరీ బైకు నడుపుతాడు. అతనికి చెట్టెక్కడం వచ్చు, దసరాకు వస్తే ఎక్కుతాడు కూడా. అయితే గెల దసరా దాకా ఆగదు. రోజూ గీసేవాడు కావాలి. రోజూ గీయాలంటే రోజూ గిట్టుబాటు కావాలి.

మేం నలుగురం కలిసి ఒక మాట అనుకున్నాం. చెట్టు పారినా పారకపోయినా సీజనంతా నెలకింత అని మామకు ఇద్దామని. కొడుకు తిరిగొస్తే అతనికీ ఆ లెక్కే. పోయిన ఆదివారం గుడాలు తింటూ ఈ సంగతి ఎత్తాం. మామ వెంటనే ఒప్పుకోలేదు.

"పారని దినం పైసలెట్ల తీసుకుంట అల్లుడా?" అన్నాడు.

"పారని దినం గూడ నువ్వు ఎక్కుతవు గద మామా" అన్నాడు మా పంతులు.

కొడుకుతో మాట్లాడి చెప్తానన్నాడు. వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం. ఈసారి బోటి కూర తెచ్చే వంతు మా ఇంటిది.