కొట్టేసిన తలనొప్పి

తెనాలిలో పెరిగిన త్రిపురనేని గోపీచంద్ తన నవల ‘అసమర్థుని జీవయాత్ర’ని నాన్నకి అంకితమిచ్చాడు. నాన్నంటే కవిరాజు రామస్వామి చౌదరి, తెనాలి మున్సిపల్ చైర్మన్‌గా చేసిన హేతువాది. ఎందుకని అడగడం నేర్పినందుకట ఆ అంకితం. తీరా లోపలికెళ్తే, కథానాయకుడు సీతారామారావు దగ్గర ప్రతి ‘ఎందుకు’కీ జవాబు సిద్ధం. ఆస్తి కరిగిపోతే వంశప్రతిష్ఠ. భార్య ఇందిరని బాధపెడితే దానికీ ఓ తర్కం. కథ శ్మశానంలో తేలుతుంది. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలని పేరు. నాకు మాత్రం, తనని తాను తవ్వుకుంటూనే ఉండి ఒక్క పూట కూడా మారని మనిషి కథ.

బాపట్లలో లెక్కలు చెప్పి రిటైరై, రేపల్లెలో కొడుకు దగ్గరుంటున్న మాస్టారు ఒకరున్నారు. ఈ నవల చదివాకే రాత్రిపూట రూళ్ల నోటుబుక్కులో నాలుగు లైన్లు రాయడం మొదలెట్టారట. ఒక పేజీ చూపించారు. ‘తలనొప్పిగా ఉండి, టీ చల్లారిందని కోడలి మీద అందరి ముందూ విసుక్కున్నాను.’ ‘తలనొప్పిగా ఉండి’ మీద ఎర్ర సిరా గీత. ‘టీ చల్లారిందని’ మీద ఇంకోటి.

“తలనొప్పి నిజమే కదా మాస్టారూ?”

“నిజమేనయ్యా. అదే తలనొప్పితో వియ్యంకుడితో నవ్వుతూ మాట్లాడాగా!”

నేనూ ఈ అలవాటు పట్టుకున్నాను. సాకు దొరకగానే కొట్టెయ్యాలి. వాక్యం మరీ అందంగా వస్తే దాన్నీ అనుమానించాలి. సీతారామారావు చెడింది అక్కడే. కొన్నాళ్లు రాశాక వెనక్కి తిప్పి చూస్తే ఘోరాలేం కనపడవు. విసుగుల జాబితాలో ఆటో అబ్బాయి ఉంటాడు, పనమ్మాయి ఉంటుంది, ఇంట్లోవాళ్లు సరేసరి. ఆఫీసరు మాత్రం ఎక్కడా ఉండడు. కోపం మనిషిని చూసి వస్తోందన్నమాట! రాత్రి లైటు కింద అది చదువుకోవడం అంత సుఖంగా ఉండదు.

(నిద్ర పట్టనివ్వని దిగులైతే నోటుబుక్కు చాలదు, డాక్టరు దగ్గరికెళ్లాలి. సీతారామారావు ఈ రోజుల్లో ఉంటే ముందు అక్కడికే తీసుకెళ్లేవాళ్లం.)

కోడలికి సారీ చెప్పారా అని మాస్టారిని అడిగాను.

“చెప్తే అదో ఘనకార్యంలా ఊరంతా చెప్పుకుంటాను. పొద్దున టీ నేనే పెడుతున్నా, ఆ అమ్మాయిక్కూడా. మొదట్లో పంచదార ఎక్కువేస్తున్నానని తిట్టింది.”