ముసుగు వెనుక ఇంటిపేరు: ఫిలిప్ గస్టన్ చిత్రాలు, డాక్యుమెంటరీ సాక్ష్యం

అమెరికన్ చిత్రకారుడు ఫిలిప్ గస్టన్‌ను (1913–1980) గురించి మైకేల్ బ్లాక్‌వుడ్ తీసిన డాక్యుమెంటరీ పేరు ‘ఫిలిప్ గస్టన్: ఎ లైఫ్ లివ్డ్’. 1980లో శాన్ ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియంలో జరిగిన పునరవలోకన ప్రదర్శనలోనూ, వుడ్‌స్టాక్‌లోని స్టూడియోలోనూ దీనిని చిత్రీకరించారు. ఆ ప్రదర్శన ముగియకముందే, జూన్ 7న, గస్టన్ కన్నుమూశారు. అందువల్ల ఈ చిత్రానికి తుది వాఙ్మూలం వంటి ప్రతిపత్తి లభించింది. అయితే ఒక కళాకారుడు జీవితకాలం దాచిన విషయాన్ని ఆయన చేతనే మాట్లాడించే డాక్యుమెంటరీ ఎంతవరకు వెలికి తీయగలదు? శీర్షికలోని పేరే ఈ ప్రశ్నకు తావిస్తున్నది. గస్టన్ అన్నది ఆయన పుట్టుపేరు కాదు.

గోల్డ్‌స్టైన్ నుండి గస్టన్ వరకు

ఆయన అసలు పేరు ఫిలిప్ గోల్డ్‌స్టైన్. ఒడెస్సా నుండి వలస వచ్చిన యూదు దంపతులకు మాంట్రియల్‌లో జన్మించారు. బాల్యంలోనే కుటుంబం లాస్ ఏంజెలెస్‌కు తరలింది. అక్కడ పాత సామాన్లు సేకరించి బతుకు వెళ్లదీసిన తండ్రి ఉరి వేసుకొని మరణించే నాటికి గస్టన్‌కు దాదాపు పదేళ్లు. ఇంట్లో ఒక చిన్న అలమర గదిలో, వేలాడే బల్బు వెలుగులో బాలుడు బొమ్మలు గీసుకునేవాడు. 1930ల మధ్యలో గోల్డ్‌స్టైన్ గస్టన్ అయ్యారు. 1937లో ఆయన వివాహమాడిన మ్యూసా మెకిమ్ యూదురాలు కాదు. ఆమె తల్లిదండ్రుల ఆమోదం కోసమే పేరు మార్చుకొని ఉండవచ్చునని ఒక అభిప్రాయం. నాటి అమెరికాలో యూదు వ్యతిరేకత ఎంత సాధారణమో తెలిసినవారికి వేరే కారణం అక్కరలేదు. యూరప్‌లో యూదుల సామూహిక హననం బయటపడిన తరువాత ఈ మార్పు ఆయనను సిగ్గుతో బాధించింది. కుమార్తె మ్యూసా మేయర్ 1988లో ప్రచురించిన ‘నైట్ స్టూడియో’ జ్ఞాపక గ్రంథం ఈ విషయాన్ని విపులంగా చర్చకు తెచ్చింది. కెమెరా ముందు తండ్రి మాట ఉన్నది. ఆయన మరణించిన ఎనిమిదేళ్లకు కుమార్తె మాట వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవకుండా డాక్యుమెంటరీని ఆధారంగా స్వీకరించడం పరిశోధనలో తొందరపాటే అవుతుంది.

ఒకే ముసుగు, రెండు సంతకాలు

గస్టన్ చిత్రాలలో ముసుగు 1960ల చివర హఠాత్తుగా వచ్చినది కాదు. 1930 నాటి ‘కాన్‌స్పిరేటర్స్’ కోసం వేసిన రేఖాచిత్రంలో కు క్లక్స్ క్లాన్ ముసుగు మనుషులు గుమిగూడి ఉంటారు. ముందున్నవాడి చేతిలో తాడు, వెనుక ఉరితీయబడిన నల్లజాతీయుడు. దీనిని గీసే నాటికి ఆయన ఇంకా గోల్డ్‌స్టైనే. అక్కడ చూసేవాడు, హంతకులు వేర్వేరు. ‘ది టార్మెంటర్స్’ (1947–48)లో ఆ ముసుగుల ఆకృతులు నైరూప్య రేఖలలో కరిగిపోతాయి. 1950లలో గస్టన్ నైరూప్య చిత్రకారుడిగా ఖ్యాతి గడించారు. 1970లో న్యూయార్క్‌లోని మార్ల్‌బరో గ్యాలరీలో ముసుగు బొమ్మలు తిరిగి ప్రత్యక్షమైనప్పుడు హిల్టన్ క్రేమర్ వంటి విమర్శకులు ఎద్దేవా చేశారు. ‘ది స్టూడియో’ (1969)లో ముసుగు మనిషి ఒక చేత సిగరెట్టు, మరొక చేత కుంచె పట్టుకొని తన బొమ్మను తానే వేసుకుంటూ ఉంటాడు. ఈసారి ముసుగు చిత్రకారుడి తలపైననే ఉన్నది.

ఈ చిత్రాలను గురించి 1978లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ గస్టన్ రచయిత ఐజాక్ బాబెల్‌ను తలచుకున్నారు. కొసాక్కులతో కలిసి బతికి వారి కథలు రాసిన బాబెల్ వలె, తాను క్లాన్ మనుషులలో ఒకడిగా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకున్నానన్నది ఆ మాటల సారాంశం. దుర్మార్గాన్ని లోపలి నుండి చూసే ప్రయత్నంగా దీనిని వివరించడం పరిపాటి. ఆ పోలిక అంతకంటే లోతైనది. బాబెల్ కూడా ఒడెస్సా యూదుడే. 1920లో బుద్యోన్నీ అశ్వికదళంతో విలేఖరిగా వెళ్లినప్పుడు ఆయన ధరించినది కిరిల్ ల్యూతోవ్ అనే రష్యన్ పేరు. యూదులను హింసించిన చరిత్ర గల కొసాక్కుల నడుమ యూదుడని తెలియని పేరుతో తిరిగినవాడిని గస్టన్ ఎంచుకోవడం యాదృచ్ఛికం అనిపించదు. తన పేరు మార్పు కథ ఆ పోలికలో మరొకరి కథగా బయటకు వచ్చింది. ముఖాముఖి ప్రశ్నకు దొరకని సమాధానం ఇటువంటి పక్కదారి ప్రస్తావనలోనే దొరుకుతుంది.

వారసత్వం నిర్దోషిత్వ పత్రమా?

2020 సెప్టెంబరులో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ, లండన్ టేట్ మోడర్న్, బోస్టన్, హ్యూస్టన్ లలిత కళా మ్యూజియాలు కలిసి ‘ఫిలిప్ గస్టన్ నౌ’ ప్రదర్శనను 2024కు వాయిదా వేశాయి. క్లాన్ బొమ్మలు అపార్థానికి లోనవుతాయన్నది వాటి భయం. నిరసనలు వెల్లువెత్తాక ప్రదర్శన 2022లో బోస్టన్‌లో మొదలైంది. గస్టన్ పక్షాన వినిపించిన ప్రధాన వాదాలలో ఆయన యూదు పుట్టుక ఒకటి: క్లాన్ ద్వేషించినవారిలో యూదులూ ఉన్నారు కనుక ఆ ముసుగులు జాతివివక్షకు వ్యతిరేకమే. చారిత్రకంగా ఇది నిజం, విమర్శగా చాలదు. పుట్టుకను నిర్దోషిత్వ పత్రంగా చూపితే, ‘ది స్టూడియో’ చిత్రకారుడిపైనే మోపిన అభియోగం కొట్టివేయబడుతుంది. ఒకనాడు దాచబడిన వారసత్వమే ఇప్పుడు చిత్రాన్ని దాచే తెర అవుతుంది.

దీనికి వ్యతిరేక దిశలో మరొక అతి ఉన్నది. చివరి దశ చిత్రాలలోని బూట్ల కుప్పలను చూడగానే మరణశిబిరాలు, బల్బును చూడగానే బాల్యపు అలమర గది, తాడును చూడగానే తండ్రి అని అర్థం చెప్పేస్తారు. (‘జీవితం–సాహిత్యం’ అన్న శీర్షికతో సిద్ధాంత గ్రంథాలు విరివిగా వెలువడే తెలుగు పరిశోధనా రంగానికి ఈ పద్ధతి కొత్త కాదు.) ఈ సంబంధాలు అబద్ధాలు కావు. అయితే తాడు 1930 నాటి రేఖాచిత్రంలో ముందు క్లాన్ మనిషి చేతిలోనే కనిపించింది. ఒకే వస్తువు సొంత ఇంటి దుఃఖాన్నీ పరుల హింసనూ మోస్తున్నప్పుడు ఒకదాన్ని తీసివేసి రెండవదాన్నే అర్థంగా నిలపడం చిత్రాన్ని కుదించడమే.

‘ది స్టూడియో’లో చిత్రకారుడు ముసుగు తీయడు. ఆయన ఎదుట ఈజిల్ మీద సిద్ధమవుతున్న స్వీయచిత్రంలోనూ ముఖం లేదు, ముసుగే ఉన్నది. గోల్డ్‌స్టైన్ ముఖం బయటపడే దృశ్యం కోసం వెదికే డాక్యుమెంటరీకి ఈ చిత్రం సహకరించదు. దాచడం ఎలా జరుగుతుందో మాత్రం దాపరికం లేకుండా చూపుతుంది.