చదువురాని దెయ్యం

అటక మీది ట్రంకుపెట్టె దించితే నా ఆరో తరగతి సాంఘికశాస్త్రం నోటుబుక్కు బయటపడింది. వెనక నుంచి తిప్పితే పదకొండు పేజీల దెయ్యం కథ. నేను రాసిందే.

తొంభైల్లో మా ఊళ్ళో ఏ తలుపు మీద చూసినా సుద్దతోనో బొగ్గుతోనో ‘ఓ స్త్రీ రేపు రా’ అని ఉండేది. రాత్రిళ్ళు ఆడదెయ్యం తిరుగుతోందని, తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, పలికితే ప్రాణం పోతుందని చెప్పుకునేవారు. తలుపు మీది రాత చూస్తే మాత్రం సరే రేపొద్దామని వెళ్ళిపోతుందట. మర్నాడు వచ్చినా అదే రాత. కర్ణాటకలోనూ ఇదే పుకారు. అక్కడ ‘నాళె బా’ అని రాసుకున్నారు.

నా కథలో దెయ్యానికి చదువు రాదు. తలుపు దాకా వచ్చి, లోపల ఒంటరిగా ఉన్న పిల్లను అడుగుతుంది: “ఇక్కడేం రాసుందే అమ్మాయ్, కాస్త చదివి పెట్టవా?”

చదివితే పలికినట్టే. చదవకపోతే, రేపు రమ్మన్న సంగతి దానికి తెలియదు. తలుపు తోసుకుని లోపలికొస్తుంది.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ చోట నా ఒళ్ళు జలదరించింది. ఈ ఇరకాటం ఎక్కడిదో పోల్చుకున్నాను. చందమామ బేతాళ కథల్లోది. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. నెలనెలా అది చదివి చదివి, భయాన్ని ఎక్కడ ముడి వేయాలో నాకు తెలియకుండానే పట్టుబడింది. గజ్జెల చప్పుడు, విరబోసుకున్న జుట్టు, వెనక్కి తిరిగిన పాదాలు కూడా కథ నిండా ఉన్నాయి. వాటికి ఇప్పుడు బెదరలేదు.

ఈ వారం కూర్చుని దాన్ని తిరగరాశాను. దెయ్యానికి పేరు పెట్టాను. అత్తింట్లో ఎలా చచ్చిపోయిందో చెప్పాను. నాలుగు పేజీలయ్యేసరికి జాలి మిగిలింది, భయం పోయింది. అంతా కొట్టేశాను.

అప్పుడు తట్టింది, ఆ అడిగే తీరు మా నాయనమ్మది. బస్సు బోర్డు, మందు సీసా, శుభలేఖ, ఏది కనబడినా “కాస్త చదివి పెట్టవే” అనేది. 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో చదవను, రాయను వచ్చిన ఆడవాళ్ళు నూటికి 33 మంది కూడా లేరు. అలాంటి రాష్ట్రంలో ఓ స్త్రీని రాతతో ఆపొచ్చని ఊరంతా నమ్మింది. దెయ్యం ఆ రాత చదవలేకపోతే ఎలా అన్న అనుమానం, రోజూ నాయనమ్మకు చదివిపెట్టే పిల్లకు వచ్చింది. ఆటలో ఉండి, వినబడనట్టు ఊరుకున్న సాయంత్రాలు ఉన్నాయి. నాయనమ్మ రెండోసారి అడిగేది కాదు. ఆ కాగితాన్నే అటూ ఇటూ తిప్పి చూసుకునేది. కథలోకి వచ్చి తలుపు అవతల నిలబడింది ఆ సాయంత్రాలే.

చివరి పేజీలో పిల్ల పలకదు. దెయ్యం తలుపు తొయ్యదు. గడప మీద కూర్చుని, తెల్లారేదాకా ఆ అక్షరాలను వేలితో తడుముతూ ఉంటుంది. అక్కడితో ఆపేశాను. పేజీ తిప్పితే తలకిందులుగా నదుల పాఠం.